సోమశిల ఒడ్డున అరవై మందితో పెళ్లి: నీటిమట్టం దగ్గర మొదలుపెట్టి

మా చెల్లి పెళ్లి పోయిన మాఘంలో సోమశిల దగ్గర, కృష్ణ ఒడ్డున ఒక రాతిబండ మీద జరిగింది. అరవై మందిమి. ఫోటోలు చూసినవాళ్లంతా ముందు అడిగేది "ఏ రిసార్టు?" అని. రిసార్టు కాదండీ. ఆ బండ దగ్గర కరెంటు లేదు, కుళాయి లేదు, పందిరి రాట పాతడానికి జానెడు మట్టి కూడా లేదు. మరి ఎలా చేశారని అడిగినవాళ్లకి ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పి అలిసిపోయి, అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ఫంక్షన్ హాల్లో మనం ఏమనుకుంటే హాలు దానికి ఒప్పుకుంటుంది. ఒడ్డున అలా కుదరదు. నీళ్లు ఆ రోజుకి ఎక్కడుంటాయి, గాలి ఏ వేళకి లేస్తుంది, ఎండ ఎటునుంచి కొడుతుంది అన్నవి తేలాకే మిగతావన్నీ. మేం డెకరేషన్ ఫోటోలతో మొదలుపెట్టి నెల రోజులు పోగొట్టుకున్నాం. మీరు నీళ్లతో మొదలుపెట్టండి.

1. ఒడ్డు ఆ రోజుకి ఎక్కడుంటుందో తేల్చుకోండి

సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపూర్ దాటాక సుమారు పది కిలోమీటర్లలో ఉంటుంది. హైదరాబాద్ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. ఊరి ముందు కనిపించే నీళ్లన్నీ శ్రీశైలం ప్రాజెక్టు బ్యాక్ వాటర్. ప్రాజెక్టు కట్టినప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లు మునిగాయి, పాత గుళ్లను విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఆవలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, దాని వెనక నల్లమల.

శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వరద బాగా వచ్చిన ఏడు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో అక్కడిదాకా నిండుతుంది. తర్వాత కరెంటు తయారీకి, కాలువలకి వదిలేకొద్దీ దిగుతూ పోతుంది. ఎండాకాలానికి ఎంత దిగుతుందంటే, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండే సంగమేశ్వరం గుడి బయటపడి, జనం వెళ్లి అక్కడి వేపదారు శివలింగాన్ని దర్శనం చేసుకుని వస్తారు. కాబట్టి కార్తీకంలో మీరు చూసి ముచ్చటపడ్డ ఒడ్డుకి వైశాఖంలో వెళ్తే, ఒడ్డు ఉంటుంది గానీ నీళ్లుండవు. పగుళ్లిచ్చిన ఒండ్రు మట్టి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మెత్తగా, చదునుగా ఉన్న ఒడ్డు చూసి "ఇక్కడ కుర్చీలు వేస్తే ఎంత బావుంటుందో" అనుకుంటారు. ఇరవై అడుగులు నడిస్తే ఒక్క అడుగు పల్లం దిగే ఒడ్డు అనుకోండి. నీటిమట్టం పది అడుగులు తగ్గితే నీళ్లు రెండు వందల అడుగులు వెనక్కి పోతాయి. ఆ మధ్యలో మిగిలేది బురద. అదే రెండు అడుగులు నడిస్తే ఒక అడుగు దిగే రాళ్ల గట్టు అయితే, పది అడుగులు తగ్గినా నీళ్లు ఇరవై అడుగులే జరుగుతాయి. అందుకే ఎగుడుదిగుడు రాళ్ల ఒడ్డే పెళ్లికి మేలు. వెతకాల్సింది పైన వెడల్పాటి బండ, దాని కిందే నీళ్లు, వెనకనుంచి బండ దాకా బండ్ల బాట. ఈ మూడూ ఉన్న చోటు దొరకడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది.

లెక్క ఇలా వేసుకోండి. చూడ్డానికి వెళ్లిన రోజు పేపర్లో శ్రీశైలం నీటిమట్టం ఎంతని వేశారో రాసుకోండి. నీటి అంచున ఒక రాయి మీద సున్నంతో గీత గీయండి. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లి, మట్టం ఎంత దిగింది, నీళ్లు ఎంత జరిగాయి కొలవండి. పెళ్లి రోజుకి ఎక్కడుంటాయో అందాజాగా తెలిసిపోతుంది. మేం గీత గీస్తుంటే వల ఆరేసుకుంటున్న ఒక పెద్దాయన చూసి నవ్వాడు. "శివరాత్రి వరకు నీళ్లు గా తుమ్మచెట్టు మొదలుకాడికి పోతయి సారూ" అని వేలు పెట్టి చూపించాడు. మా లెక్కకీ ఆయన వేలుకీ పదడుగుల తేడా వచ్చింది. ఆయన చెప్పిందే జరిగింది. గీత గీయండి గానీ, చేపలు పట్టేవాళ్లని అడగకుండా మాత్రం రావద్దు.

ఇంకో సంగతి కూడా వాళ్లనే అడగాలి, చేపలు ఎక్కడ ఆరబెడతారని. ఎండుచేపల వాసన గాలివాటున అర కిలోమీటరు వస్తుంది. పెళ్లివంటల మధ్య అది వద్దు.

వేరే చోట్లు చూసేవాళ్లకి ఒక్క మాట. పాకాల చెరువు ఎంత అందంగా ఉన్నా అది అభయారణ్యం, అక్కడ అగ్నిహోత్రం ఆలోచన పెట్టుకోకండి. నాగార్జునసాగర్, లక్నవరం లాంటి చోట్ల టూరిజం వాళ్ల కాటేజీలుంటాయి కాబట్టి కరెంటు, టాయిలెట్ల బాధ తక్కువ. కానీ జనం ఎక్కువ, ఏకాంతం తక్కువ.

2. ముహూర్తం పంచాంగానిదే, వేళ మాత్రం మీరు అడగొచ్చు

ఆషాఢం, భాద్రపదం, ధనుర్మాసం, మూఢాలు తీసేస్తే ఒడ్డున పెళ్లికి మిగిలేవి కార్తీక మార్గశిరాలు, మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు. వీటిలో నా ఓటు మాఘానికి. వానలుండవు, నీళ్లు ఇంకా కొంత నిండుగానే ఉంటాయి, ఎండ ముదరదు. వైశాఖంలో సాయంత్రం పూట ఈదురుగాలుల వాన ఒక్కటి లేచిందంటే పందిరి ఆవలి రాష్ట్రంలో తేలుతుంది.

పురోహితుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్క ముహూర్తం కాకుండా మూడు నాలుగు రాయించుకోండి. వాటిలో తెల్లవారాక తొమ్మిదిలోపు వచ్చేది దొరికితే వదలొద్దు. పెద్ద నీళ్ల దగ్గర పొద్దున గాలి నెమ్మదిగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నేల నీళ్లకంటే త్వరగా వేడెక్కి, నీళ్ల మీదనుంచి ఒడ్డు వైపు గాలి మొదలవుతుంది. మా ముహూర్తం ఎనిమిది దాటాక. జీలకర్రాబెల్లం వేళకి ఆకు కదల్లేదు, పదిన్నరకల్లా పూలదండలు ఊగడం మొదలెట్టాయి. పదకొండింటికి బండ మీద వట్టి కాళ్లతో నిలబడలేకపోయాం, అదీ మాఘంలో.

రాత్రి ముహూర్తమైతే ఒక లాభం ఉంది: అరుంధతి నిజంగా కనిపిస్తుంది. ఊళ్లో పట్టపగలు ఆకాశం చూపించి "కనిపించిందా అమ్మా?" అంటే, పాపం పెళ్లికూతురు "ఆ" అంటుంది. సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని అంటిపెట్టుకున్న చిన్న చుక్క అరుంధతి. మాఘంలో రాత్రి పది దాటాక ఈశాన్యాన పైకి వస్తుంది. వైశాఖంలో తొమ్మిదింటికే ఉత్తరాన ఎత్తుగా ఉంటుంది. కార్తీకంలో మాత్రం తెల్లవారుజామున లేచి చూడాల్సిందే. నష్టం ఏంటంటే, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు, వాద్యాలు మోగించకూడదన్న నిబంధన ఉంది. చీకట్లో రాళ్ల మీద ముసలివాళ్లని నడిపించడం ఇంకో బెంగ.

వేళతో పాటే దిక్కు కూడా తేల్చుకోండి. వధూవరులు తూర్పుముఖంగా కూర్చోవాలని అయ్యగారు, వాళ్ల వెనక నీళ్లు కనిపించాలని ఫోటోగ్రాఫరు. నీళ్లు పడమట ఉంటేనే ఇద్దరి మాటా నెగ్గుతుంది. మా బండకి నీళ్లు తూర్పున. అయ్యగారి మాటే నెగ్గింది, పెళ్లంతా మా చెల్లి నీళ్లని చూస్తూ కూర్చుంది, ఫోటోలు పక్కనుంచి తీశారు. పొద్దున ఎండ మొహాన కొడుతుంది కాబట్టి తూర్పు వైపు పందిరి అంచు కాస్త కిందికి దించుకోవాలి.

3. జాబితా

రాళ్ల కంటే ఇదే కష్టం. అరవై మందితో పెళ్లంటే, మన ఇళ్లల్లో అరవై మందిని పిలవడం కాదు, ఆరు వందల మందిని పిలవకుండా ఉండటం. మేం చేసింది ఇది: పెళ్లి ఒడ్డున, రిసెప్షన్ వారం తర్వాత హైదరాబాద్‌లో. శుభలేఖ అందరికీ ఒకటే వేయించకుండా రెండు వేయించాం. మా నాన్న స్వయంగా ఫోన్ చేసి "అక్కడ కూర్చోడానికి చోటు లేదు బావా, రిసెప్షన్‌కి నువ్వు ముందుండి నడిపించాలి" అని ఒక్కొక్కరికీ చెప్పుకున్నాడు. అయినా ఇద్దరు అలిగారు. ఒకరు ఇంకా మాట్లాడట్లేదు.

లెక్కలో మరిచిపోయేది పనివాళ్లని. వంటవాళ్లు, మేళం, డ్రైవర్లు, ఫోటోగ్రాఫర్లు, అయ్యగారు, ఆయన సహాయకుడు కలిపితే అరవై మంది పెళ్లికి ఎనభై మంది తినాలి, ఎనభై మందికి నీళ్లుండాలి.

చివరగా ఒక జాగ్రత్త. సోమశిల రెండున్నాయి. నెల్లూరు జిల్లాలో పెన్నా మీద డ్యాం ఉన్న సోమశిల వేరు. శుభలేఖ మీద "కొల్లాపూర్ దగ్గర, నాగర్‌కర్నూల్ జిల్లా" అని వేయించి, లొకేషన్ విడిగా పంపండి. మా పెదనాన్న వాళ్ల డ్రైవర్ ఫోన్లో పేరు కొట్టి, వచ్చిన మొదటిదాన్ని పట్టుకుని బయల్దేరాడు. దారిలో టీకి ఆగినప్పుడు "ఇంకా ఇన్ని కిలోమీటర్లేంటి?" అని పెద్దమ్మ అడగబట్టి సరిపోయింది.

4. అడగాల్సినవాళ్లని అడగండి

నీళ్లు దిగాక బయటపడే నేల ఎవరిదో కాదు, ప్రాజెక్టుది. కాబట్టి స్థానిక నీటిపారుదల ఇంజినీరు ఆఫీసులో, గ్రామ పంచాయతీలో ఒక్కో దరఖాస్తు ఇవ్వండి. పోలీస్ స్టేషన్లో తేదీ, వేళ, ఎంతమంది, ఎన్ని బండ్లు అని రాసి ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ చోటు అటవీ భూమిలోకి వస్తుందా అని బీట్ ఆఫీసర్ని అడిగి తీరాలి. వస్తే అక్కడ నిప్పు పెట్టడం నేరం. ఇంకో బండ వెతుక్కోండి. డ్రోన్ ఎగరేయాలంటే ఆ చోటు ఏ జోన్‌లో ఉందో, అంటే అక్కడ ఎగరేయనిస్తారో లేదో, ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోమని ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి.

ఈ కాగితాలకి నెల రోజులు పెట్టుకోండి. ఒక ఆఫీసులో మా దరఖాస్తు రెండు వారాలు ఒకే టేబుల్ మీద ఉంది. మూడోసారి శుభలేఖ, స్వీట్ డబ్బా పట్టుకెళ్లి "మీరూ రావాలి సార్" అని పిలిస్తే కదిలింది.

5. రాట పాతలేని చోట పందిరి

షామియానా వాళ్లు వచ్చి చూసి, మేకులు దిగవని చెప్పి వెళ్లిపోయారు. అదీ మంచికే అయింది. షామియానా గుడ్డ గాలికి తెరచాప లాంటిది, ఎంత గట్టిగా కడితే అంత ప్రమాదం.

మేం చేసిన పద్ధతి ఇది. ఇరవై లీటర్ల ఖాళీ పెయింట్ డబ్బాలు నాలుగు తీసుకుని, ఒక్కోదాని మధ్యలో రెండడుగుల ఇనప పైపు నిలబెట్టి కాంక్రీటు పోయించాం. ఒక్కో డబ్బా దాదాపు 48 కిలోలు తూగుతుంది. పెళ్లికి పది రోజుల ముందే పోయించండి, ఆరాలి. ఆ పైపుల్లో వెదురు గడలు దించి, పైన నాలుగు వైపులా అడ్డగడలు కట్టి, మూలల నుంచి తాళ్లు లాగి పెద్ద రాళ్లకి చుట్టాం. పైకప్పుకి నర్సరీల్లో వాడే గ్రీన్ నెట్. నీడ ఇస్తుంది, గాలిని పోనిస్తుంది. నెట్ రంగు కనిపించకుండా పైన కొబ్బరాకులు పరిచి గడలకి కట్టేశాం. అంచులకి మామిడాకులు, బంతిపూలు. పక్కలకి గుడ్డలు, కర్టెన్లు ఏమీ వద్దు. డెకరేషన్ అబ్బాయి ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

రాట ముహూర్తం ఎలా అని మా అమ్మ బెంగపెట్టుకుంది. ఇంటి దగ్గరే పందిరి రాట వేసి ఆ తంతు అక్కడే ముగించాం. ఒడ్డున ఉన్నది నీడ కోసం మాత్రమే అని అయ్యగారు తేల్చేశారు.

బండ మీద నడక గురించి. ముందురోజు చీపుళ్లతో ఊడిపించి, తర్వాత ఇద్దరు వంగి చేత్తో వెతకాలి. సర్కారు తుమ్మ ముళ్లు, గాజు పెంకులు, పాత గాలాలు దొరుకుతాయి. కార్లు ఆగే చోటు నుంచి పందిరి దాకా గోనెసంచులు పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టండి. ఎండెక్కాక వాటి మీద నీళ్లు చల్లితే కాళ్లు కాలవు. ప్లాస్టిక్ కుర్చీలు ఎగుడుదిగుడు రాతి మీద నిలవవు, కింద ప్లైవుడ్ ముక్కలు వేయాలి. చక్రాల కుర్చీ ఇక్కడ పనికిరాదు. మా నాయనమ్మని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మనవళ్లు ఎత్తుకొచ్చారు. "పోయేటప్పుడు కూడా నలుగురే కదరా" అని ఆవిడే జోకేసి అందరినీ నవ్వించింది.

6. గాలిలో తంతు

వారం ముందు అదే వేళకి వెళ్లి, ఒక్కో తంతుకి గాలి ఏం చేస్తుందో చూశాం. ఈ ఒక్క పని చేయబట్టే పెళ్లి సాఫీగా జరిగింది.

అడ్డుతెర: పట్టుగుడ్డ అయితే ఎగిరి పెళ్లికొడుకు మొహానికి చుట్టుకుంటుంది. మందపాటి నూలుగుడ్డ తీసుకుని, కింది అంచులో సన్నటి వెదురు బద్ద పెట్టి కుట్టించాం. కదల్లేదు.

దీపాలు: అఖండ దీపానికి గాజు చిమ్నీ ఉన్న లాంతరు లాంటిది పెట్టండి. అగ్గిపెట్టెలు ఎన్ని తెచ్చినా లైటర్లు రెండు ఉండాల్సిందే. కర్పూరం, నెయ్యి, దర్భలు, సమిధలు అన్నీ జాబితాకి రెట్టింపు తెచ్చుకోండి. ఏదైనా అయిపోతే మళ్లీ కొల్లాపూర్ దాకా పోవాలి.

అగ్నిహోత్రం: బండ మీద నేరుగా నిప్పు పెట్టొద్దు. వేడికి రాయి పెచ్చులు లేచి చిట్లుతుంది. నాలుగంగుళాల మందాన ఇసుక పోసి, దాని మీద ఇటుకలు, వాటి మీద ఇనప హోమగుండం పెట్టండి. గాలి వచ్చే వైపు ఇటుకలు రెండు వరసలు ఎత్తుగా పేర్చండి. పక్కనే ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక, ఒక తడి గోనెసంచి. గుండం దగ్గర తిరిగేవాళ్లు సిల్కు, నైలాన్ చున్నీలు వేలాడేసుకోకుండా చూసుకోండి.

లాజహోమం నా వంతు. పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నదమ్ములే కదా. గాలి అప్పటికే లేచింది. మొదటి దోసిలి సగం అగ్నిలో, సగం మా బావ తలపాగాలో పడింది. రెండోసారికి అయ్యగారు పేలాలకి ఇంకాస్త నెయ్యి పట్టించి, "చేతులు కిందికి దించమ్మా, గుండానికి ఆనుకున్నట్టు" అని చెప్పాక కుదిరింది. మీ ఇంట్లో అన్నయ్యో తమ్ముడో ఉంటే ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

సన్నికల్లు తొక్కించే తంతుకి మాత్రం ఒడ్డే కలిసొచ్చింది. ఈ రాయిలా స్థిరంగా ఉండు అని చెప్పే మంత్రం అది. కాళ్ల కింద అంత పెద్ద బండ ఉండగా సన్నికల్లు ఎందుకని మా చెల్లి అడిగింది. అయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, ఇంటినుంచి తెచ్చిన సన్నికల్లుని ఆ బండ మీదే పెట్టించి, దాని మీద పాదం పెట్టించారు. మెట్టెలు తొడుగుతుంటే మా బావ వేళ్లు వణికాయి, ఒక మెట్టె జారి రాళ్ల సందులో పడింది. అయిదు నిమిషాలు అందరం వంగి వెతికాం. అందుకే ఆ చోట ఒక తుండుగుడ్డ పరిచి ఉంచుకోండి.

సప్తపదికి ఏడడుగులూ సమంగా పడే చోటు ముందే గుర్తుపెట్టి, గుంటల్లో ఇసుక పోసి చదును చేయండి. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం సప్తపది ఉన్న పెళ్లిలో ఏడో అడుగుతోనే వివాహం పూర్తవుతుంది, అందులో తూలి పడితే బావుండదు.

తలంబ్రాల బియ్యానికి నెయ్యి, పసుపు కాస్త ఎక్కువే పట్టించండి, బరువుంటే ఎగరవు. బజార్లో అమ్మే రంగురంగుల థర్మోకోల్ పూసలు వద్దేవద్దు. గాలికి అన్నీ నీళ్లలోకి పోతాయి, ఏరలేం. కాశీయాత్ర గొడుగు గాలికి తిరగబడటం ఖాయం. మాది తిరగబడింది, అదే అన్నిటికంటే మంచి ఫోటో.

మైకుకి స్పాంజి తొడుగు వేయకపోతే మంత్రాలకి బదులు గాలి హోరే వినిపిస్తుంది. ఒక సన్నాయి, ఒక డోలు చాలు, నీళ్ల మీద శబ్దం బాగా సాగుతుంది.

7. తిండి, నీళ్లు, టాయిలెట్లు

భోజనాలు ఒడ్డున పెట్టకండి. దుమ్ము, ఎండ, ఎగిరే విస్తళ్లు. పొద్దున ఇడ్లీ, ఉప్మా, కాఫీ మాత్రమే బండ దగ్గర. బంతి భోజనాలు పైన ఊరి దగ్గర చింతచెట్ల కింద పెట్టాం, వంట అక్కడే. తాగే నీళ్లు మనిషికి మూడు లీటర్ల లెక్కన ఎనభై మందికి 240 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు. మేం పదిహేను తెచ్చాం, ఒకటిన్నర మిగిలింది.

టాయిలెట్ల దగ్గరే మేం దెబ్బతిన్నాం. అద్దెకిచ్చేవాళ్లు ఫోన్లో "ఎక్కడికైనా తెస్తాం సార్" అన్నారు. తీరా పెళ్లి ముందురోజు సాయంత్రం వాళ్ల ట్రక్కు చివరి మలుపులో వాలు దిగలేకపోయింది. ట్రాక్టర్ పిలిచి, ఒక్కోటీ దింపేసరికి రాత్రి తొమ్మిదైంది. బరువైనది ఏది తెచ్చేవాళ్లయినా సరే, డ్రైవర్ ముందుగా వచ్చి దారి చూసి పోవాలని పట్టుబట్టండి. టాయిలెట్లు మూడు ఉండాలి, అందులో ఒకటి కమోడ్. ఆడవాళ్లకి చీరలు మార్చుకోడానికి అద్దం, గొళ్లెం ఉన్న చిన్న గుడారం కూడా.

కరెంటుకి చిన్న సైలెంట్ జనరేటర్ సరిపోయింది. దాన్ని గాలి పోయే వైపు, దూరంగా పెట్టండి.

8. నీళ్ల దగ్గరికి ఎవరూ దిగొద్దు

ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. ఇది పైకి చెరువులా కనిపించే నది. రెండడుగుల లోతు అనుకున్న చోట మూడో అడుగుకి కాలు అందదు, రాళ్లకి పాచి ఉంటుంది, కృష్ణలో మొసళ్లూ ఉన్నాయి. నీటి అంచుకి పదడుగుల ఇవతల తాడు కట్టి, ఈత వచ్చిన ఇద్దరు స్థానికులని లైఫ్ జాకెట్లతో, టైరు ట్యూబుతో కాపలా పెట్టాం. పిల్లల కోసం కాదు, సెల్ఫీల కోసం దిగే పెద్దవాళ్ల కోసం. ఇద్దరు మావయ్యలని వెనక్కి లాక్కొచ్చారు.

పెళ్లికొడుకు పడవలో వస్తే బావుంటుందని మావాళ్లూ అన్నారు. సరదాగానే ఉంటుంది. కానీ 2007లో ఇదే నీళ్లలో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఎక్కితే అనుమతి ఉన్న బోటే ఎక్కాలి, ఎక్కించాల్సినంత మందినే ఎక్కించాలి, షేర్వాణీ మీద కూడా లైఫ్ జాకెట్ వేసుకోవాలి. మా బావ జాకెట్ వేసుకుని ఫోటో దిగనన్నాడు, కారులోనే వచ్చాడు.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒకరి బాధ్యత చేయండి. బండ దగ్గర ఏ సిమ్‌కి సిగ్నల్ వస్తుందో ముందే చూసుకోండి, 108కి ఫోన్ కలవాలి కదా. ఒక కారు ఎప్పుడూ బాట వైపు మొహం పెట్టి, ఎవరూ అడ్డం ఆపకుండా సిద్ధంగా ఉండాలి.

9. అందరూ వెళ్లాక

రిజిస్ట్రేషన్ వాయిదా వేయకండి. పెళ్లి జరిగిన చోటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ, మీలో ఒకరు ఉండే చోట గానీ చేయించుకోవచ్చు. మనకి హాలు రసీదు ఉండదు కాబట్టి శుభలేఖలో ఊరు, మండలం, జిల్లా, ముహూర్తం స్పష్టంగా ఉండాలి. తాళి కట్టే ఫోటోల్లో ఇద్దరి మొహాలూ కనిపించాలి. వయసు, చిరునామా కాగితాలు, సాక్షుల ఆధార్ కాపీలు పెళ్లికి ముందే ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. నది మధ్యలో పడవ మీద తాళి కట్టాలనుకునేవాళ్లు, సరిహద్దు నది నడుమ ఉంది కాబట్టి ఏ రాష్ట్రం సబ్ రిజిస్ట్రార్‌ని అడగాలో కాస్త ఆలోచించుకోండి.

శుభ్రం చేసే పనిని "అందరం కలిసి చేద్దాం" అని వదిలేస్తే ఎవరూ చేయరు. మేం ఇద్దరు కూలీలని మర్నాడు పొద్దున దాకా మాట్లాడుకున్నాం, నేనూ నా స్నేహితులూ ముగ్గురం ఉండిపోయాం. బూడిద చల్లారాక ఇసుకతో సహా బస్తాలోకి ఎత్తాలి, నీళ్లలో కలపొద్దు. పూలకి కట్టిన ప్లాస్టిక్ దారం, జిప్ టైలు, టేపు ముక్కలు చేత్తో ఏరాలి. అవి వలల్లో చిక్కుకుంటాయి. తలంబ్రాల బియ్యం ఏరక్కర్లేదు, తెల్లారేసరికి పిట్టలు మిగల్చలేదు. ఆ రాత్రి పని అయ్యేసరికి పది దాటింది. ఈశాన్యాన సప్తర్షులు పైకి వచ్చారు, వీడియో కాల్ చేసి మా చెల్లికి చూపించబోతే ఫోన్లో నల్లగా తప్ప ఏం కనపడలేదట.

పొద్దున ఆ కాంక్రీటు డబ్బాలు నాలుగూ ఎలా ఎక్కించాలా అని తంటాలు పడుతుంటే, తుమ్మచెట్టు పెద్దాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "గివి ఈడనే ఇడిసిపెట్టుండ్రి సారూ, పుట్టీలు కట్టేసుకోనీకి పనికొస్తయి" అన్నాడు. పైపుల్లోంచి వెదురు గడలు లాగేసి, డబ్బాలు ఆయనకే ఇచ్చేశాం.